సాగర్ ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లో గీతల మధ్య రంగు నింపడం ఎలా?

కుడికాలువ_రైతు

అందరికీ నమస్కారం. నాగార్జునసాగర్ కుడి కాలువ కింద మాకు పొలం ఉంది. మా ఊరి ఆయకట్టు రైతుల వాట్సాప్ బృందంలో రోజూ ఉదయం సాగర్ బులెటిన్ పెడుతుంటాను. నీటిమట్టం ఇన్ని అడుగులు, నిల్వ ఇన్ని టీఎంసీలు, ఇన్‌ఫ్లో ఇంత, అవుట్‌ఫ్లో ఇంత. అంకెలు అందరూ చూస్తారు. అయితే జలాశయం నిండుతోందా, తరుగుతోందా, ఏ వారంలో దశ తిరిగింది అన్నది ఆ అంకెలను బట్టి ఎవరికీ వెంటనే తట్టదు.

అందుకని జూలై మొదలు రోజువారీ అంకెలన్నీ ఎక్సెల్‌లో ఎక్కించి రెండు గీతలు గీశాను. తేదీలు ఎ కాలమ్‌లో, ఇన్‌ఫ్లో బి కాలమ్‌లో, అవుట్‌ఫ్లో సి కాలమ్‌లో ఉన్నాయి. ఇన్‌ఫ్లో గీత పైన ఉన్నంత మేర మధ్య జాగా నీలంగా, అవుట్‌ఫ్లో పైన ఉన్నచోట నారింజగా కనిపించాలని నా కోరిక. ఏరియా చార్ట్ ఎంచుకుంటే రంగు గీత దగ్గర నుంచి అడుగు దాకా పరుచుకుంటోంది, ఒకదాని రంగు రెండోదాన్ని కప్పేస్తోంది. రెండు గీతల మధ్య మాత్రమే రంగు పడే మార్గం ఉంటే దయచేసి చెప్పండి.

షీటు_సహాయం

ఉంది రైతు గారూ. ఎక్సెల్‌లో నేరుగా ‘రెండు గీతల మధ్య నింపు’ అనే మీట లేదు కాబట్టి ఏరియాలను ఒకదానిపై ఒకటి పేర్చి ఆ పని చేయించుకోవాలి. ఫార్ములాలు ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను, షీటులో మామూలుగా ఇంగ్లీషు అక్షరాలతోనే కొట్టండి.

మూడు అదనపు కాలమ్‌లు కావాలి. డి కాలమ్‌లో పునాది: =మిన్(బి2,సి2). ఇ కాలమ్‌లో నీలం: =మ్యాక్స్(బి2-సి2,0). ఎఫ్ కాలమ్‌లో నారింజ: =మ్యాక్స్(సి2-బి2,0). మూడింటినీ చివరి తేదీ వరకు కిందికి లాగండి.

ఇప్పుడు ఎ నుంచి ఎఫ్ దాకా మొత్తం ఎంచుకుని కాంబో చార్ట్ పెట్టండి. డి, ఇ, ఎఫ్ మూడూ స్టాక్డ్ ఏరియా. బి, సి రెండూ లైన్. అన్నీ ప్రధాన అక్షం మీదే ఉండాలి, వేటినీ రెండో అక్షానికి పంపకండి. తర్వాత డి మీద నొక్కి ఫిల్‌ను ‘నో ఫిల్’ చేయండి. పునాది కంటికి కనబడదు కానీ మిగతా రెండింటినీ పైకెత్తి పట్టుకుంటుంది. ఇ కి నీలం, ఎఫ్ కి నారింజ ఇస్తే మీరు అడిగిన చిత్రం వస్తుంది.

రెండు జాగ్రత్తలు. కింది అక్షం ఫార్మాట్‌లో ‘తేదీ అక్షం’ ఎంచుకోండి, దాని స్థానం ‘టిక్ గుర్తుల మీద’ అని పెట్టండి. లేకపోతే చిత్రానికి రెండు కొసలా సగం గడి ఖాళీ మిగులుతుంది. ఇక వివరణ పెట్టెలో పునాది పేరు కూడా కనిపిస్తుంది, దాన్ని ఎంచుకుని తీసేయండి.

కుడికాలువ_రైతు

వచ్చిందండీ! ధన్యవాదాలు. బృందంలో పెట్టగానే ముగ్గురు ఫోన్ చేసి బాగుందన్నారు.

ఒక్క ఇబ్బంది మిగిలింది. గీతలు ఒకదాన్నొకటి దాటే చోట రంగు గీతల బయటికి పొంగుతోంది. పైన కొంచెం నారింజ, కింద కొంచెం నీలం కనిపిస్తున్నాయి. ఒకచోట అయితే నారింజ ముక్క రెండు గీతలకూ పైన ఉంది. ఫార్ములాలన్నీ మళ్లీ సరిచూశాను, ఎక్కడా తేడా లేదు.

లెక్కల_మాస్టారు

ఫార్ములాల్లో తప్పు లేదు బాబూ. ఆ పద్ధతికే ఉన్న లోపం అది. గీతలు దాటుకునేది రెండు తేదీల మధ్యలో. మన పట్టికలో మాత్రం తేదీల దగ్గరే అంకెలున్నాయి, మధ్యలో ఏం జరిగిందో షీటుకు తెలియదు. చిన్న ఉదాహరణతో చూద్దాం. ఈ అంకెలు నేను సౌలభ్యం కోసం అనుకున్నవి.

మొదటి రోజు ఇన్‌ఫ్లో 90 వేల క్యూసెక్కులు, అవుట్‌ఫ్లో 60 వేలు. రెండో రోజు ఇన్‌ఫ్లో 50 వేలకు పడిపోయింది, అవుట్‌ఫ్లో కదలకుండా 60 వేలే. తేడా మొదట +30, తర్వాత −10. అంటే మూడు వంతులు దాటాక, సరిగ్గా 0.75 రోజు దగ్గర, ఇన్‌ఫ్లో గీత 60 వేల మట్టాన్ని తాకి కిందికి దిగుతుంది.

మన అదనపు కాలమ్‌లు ఏం గీస్తాయి? పునాది 60 నుంచి 50కి వాలుగా దిగుతుంది. నీలం మందం 30 నుంచి సున్నాకు తగ్గుతుంది, అయితే 0.75 దగ్గర ఆగిపోవాల్సింది పోయి రోజు చివరి దాకా సాగుతుంది. నారింజ మందం 0.75 దగ్గర మొదలు కావాల్సింది, రోజు మొదట్లోనే మొదలై 10 వరకు పెరుగుతుంది. మీకు పైనా కిందా పొంగినట్టు కనిపించింది ఇదే.

ఇప్పుడు వైశాల్యాలు చూడండి. నీలం త్రిభుజం నిజానికి ½ × 0.75 × 30 = 11.25. గీసింది ½ × 1 × 30 = 15. నారింజ నిజానికి ½ × 0.25 × 10 = 1.25. గీసింది ½ × 1 × 10 = 5. ఏకంగా నాలుగింతలు! నీలంలోంచి నారింజను తీసేస్తే రెండు లెక్కల్లోనూ 10 మిగులుతుంది కాబట్టి నికర మొత్తం చెడదు. కానీ చూసేవారు నికరం చూడరు కదా, రంగులు చూస్తారు. వరద పెరుగుతూ తగ్గుతూ గీతలు మాటిమాటికీ దాటుకునే ఏడాది అయితే చిత్రమంతా ఈ అబద్ధపు ముక్కలే ఉంటాయి.

మందు ఒక్కటే. దాటే బిందువును కొత్త వరుసగా పట్టికలో చేర్చాలి. నాలుగు, ఐదు వరుసల మధ్య దాటుతున్నాయనుకోండి. భాగం = (బి4-సి4)/((బి4-సి4)-(బి5-సి5)). ఆ బిందువు దగ్గర విలువ = బి4 + భాగం × (బి5-బి4). కొత్త వరుసలో ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లో రెండింటికీ అదే విలువ రాయండి. పునాదీ అదే అవుతుంది, నీలం సున్నా, నారింజ సున్నా. రంగులు ముడి వేసినట్టు సరిగ్గా అక్కడే కలుస్తాయి.

ఎక్సెల్ తేదీ అక్షానికి రోజు కంటే చిన్న కొలత తెలియదు. 0.75 రోజు అంటే ఒప్పుకోదు. అందుకని తేదీ బదులు రోజు సంఖ్యను 100తో గుణించి వాడండి. మొదటి రోజు 100, రెండో రోజు 200, దాటే బిందువు 175. అక్షం రకం తేదీగానే ఉంచితే ఆ అంకెలను దూరాలుగా లెక్కించి సరైన చోట పెడుతుంది. అక్షం మీది రాతలు దాచేసి నెలల పేర్లు విడిగా రాసుకోవాలి. శ్రమే, కానీ చిత్రం నిజం చెబుతుంది.

పైథాన్_పాఠం

మాస్టారు చెప్పిన బిందువును పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ అనే ఉపకరణం తానే లెక్క కట్టి పెడుతుంది. ‘ఫిల్_బిట్వీన్’ అనే ఆదేశం సరిగ్గా ఈ పనికే ఉంది. మొదట తేదీలు, తర్వాత రెండు గీతల విలువలు ఇవ్వాలి. ‘వేర్’ దగ్గర షరతు రాయాలి: ఇన్‌ఫ్లో అవుట్‌ఫ్లో కంటే ఎక్కువ ఉన్నచోట అని ఒకసారి నీలంతో, తక్కువ ఉన్నచోట అని ఇంకోసారి నారింజతో పిలవాలి. మొత్తం రెండు వరుసల కోడ్.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అప్పుడు దాటే చోట రంగు పొంగదు కానీ తెల్లటి ఖాళీ మిగులుతుంది, ఎందుకంటే షరతు రెండు కొసలా నిజమైన రోజుల మధ్యనే రంగు పడుతుంది. ‘ఇంటర్‌పోలేట్’ను ‘ట్రూ’ చేస్తే దాటే బిందువు దాకా రంగు నిండుతుంది. మామూలుగా అది ‘ఫాల్స్’గా ఉంటుంది, మనమే మార్చుకోవాలి. రంగు ఎంత పారదర్శకంగా ఉండాలో చెప్పే ‘ఆల్ఫా’ను 0.4 దగ్గర పెడితే వెనుక గడి గీతలు కూడా కనిపిస్తాయి.

గణాంకాలకు వాడే ‘ఆర్’ భాష తెలిసినవారికి, అందులో గ్రాఫులు గీసే జీజీప్లాట్2లో ‘జియోమ్_రిబ్బన్’ ఉంది. దానికి కింది హద్దు, పై హద్దు ఇస్తే చాలు. అయితే రెండు రంగులు కావాలంటే దాటే బిందువును అక్కడా మనమే చేర్చాలి.

జలగణన

నేను నీటిపారుదల శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఇంజినీరును. రంగు ఎలా నింపాలో మీరంతా చక్కగా చెప్పారు. ఆ రంగు పడిన జాగా ఏమిటో కూడా రైతు గారి బృందానికి తెలియాలని నా తపన.

నిలువు అక్షం మీద క్యూసెక్కులు, అంటే సెకనుకు ఇన్ని ఘనపుటడుగులు. అడ్డ అక్షం మీద కాలం. రెండింటినీ గుణిస్తే ఘనపుటడుగులు, అంటే నీరే. ఒక క్యూసెక్కు రోజంతా పారితే 86,400 ఘనపుటడుగులు. టీఎంసీ అంటే 100 కోట్ల ఘనపుటడుగులు. కాబట్టి 11,574 క్యూసెక్కులు ఒక రోజు పారితే ఒక టీఎంసీ. మీ చిత్రంలో నీలం జాగా అంటే జలాశయంలో చేరిన నీరు, నారింజ జాగా అంటే జలాశయంలోంచి తగ్గిన నీరు. ఇన్‌ఫ్లో 30 వేలు ఎక్కువగా ఒక రోజు నిలిస్తే దాదాపు 2.6 టీఎంసీలు చేరినట్టు. మాస్టారి ఉదాహరణలో నారింజ ముక్క నిజానికి 0.11 టీఎంసీ, షీటు గీసింది 0.43. ఎండాకాలంలో కాలువ చివరి భూమి రైతుకు ఆ తేడా చిన్నది కాదు.

అందుకే ఒక సరిచూపు చేయండి. రోజువారీ తేడాలన్నీ కూడి 11,574తో భాగించండి. వచ్చిన టీఎంసీలను బులెటిన్‌లో మొదటి రోజు నిల్వకూ చివరి రోజు నిల్వకూ ఉన్న తేడాతో పోల్చండి. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, అప్పటి నిల్వ 312 టీఎంసీలు. ఆ పరిధిలో మీ కూడిక ఎక్కడ తేలుతుందో చూడండి.

కలవకపోతే మొదట అవుట్‌ఫ్లో అంకెను అనుమానించండి. కొందరు స్పిల్‌వే, ప్రధాన విద్యుత్కేంద్రం మాత్రమే రాసుకుంటారు. కుడి కాలువ, ఎడమ కాలువ, ఎలిమినేటి మాధవరెడ్డి ఎత్తిపోతల, హైదరాబాద్ తాగునీరు అన్నీ కలిస్తేనే మొత్తం అవుట్‌ఫ్లో. ఆవిరి నష్టం వేరే ఉంటుంది.

ఇంకో సంగతి. చాలా జలాశయాల్లో ఇన్‌ఫ్లోను నేరుగా కొలవరు. నిల్వలో వచ్చిన మార్పుకు అవుట్‌ఫ్లో కలిపి ఇన్‌ఫ్లో ఇంత అని తేలుస్తారు. అటువంటి అంకెలైతే కూడిక నిల్వతో కలవడం సహజమే, అంతమాత్రాన అంకెలు సరైనవని రుజువు కాదు. ఎగువన శ్రీశైలం నుంచి వదిలిన నీటితో పోల్చి చూస్తేనే అసలు పరీక్ష.

కుడికాలువ_రైతు

జలగణన గారూ, ఈ ఒక్క మాట కోసం నేను ఎన్నాళ్లుగానో వెతుకుతున్నాను. రంగు జాగా అంటే నీరే అని బృందంలో వివరంగా రాశాను. మా పక్క ఊరి పెద్దాయన ఒకరు ‘అయితే ఆ నారింజ ముక్కలో మన కాలువకు వచ్చింది ఎంత’ అని వెంటనే అడిగారు. అవుట్‌ఫ్లోను విడగొట్టి రాయడం ఇక మొదలుపెడతాను.

ఒక సందేహం. బులెటిన్‌లో ఉదయం ఆరింటి ఇన్‌ఫ్లో ఒకటి, గడచిన 24 గంటల సగటు ఇంకొకటి కనిపిస్తున్నాయి. ఏది వాడాలి?

జలగణన

సగటు వాడండి. ఆరింటి అంకె ఆ క్షణపు ముఖచిత్రం మాత్రమే. ఎగువన గేట్లు రాత్రి తెరిచి తెల్లవారుజామున మూస్తే ఆ నీరంతా మీ లెక్కలోకి రాకుండా పోతుంది.

లెక్కల_మాస్టారు

సగటు వాడేటట్టయితే నేను చెప్పిన దాటే బిందువు ఇక అక్కరలేదు! సగటు అంటే ఆ రోజంతటికీ ఒకటే విలువ. దాన్ని వాలు గీతతో పక్క రోజుకు కలపడమే సరికాదు. మెట్లుగా గీయాలి. మెట్ల మధ్య రోజుకొక దీర్ఘచతురస్రం నిలబడుతుంది, దాని ఎత్తు ఆ రోజు తేడా, వెడల్పు ఒక రోజు. ఆ రోజు నీలమో నారింజో ఒకటే రంగు. పొంగడాలూ ఖాళీలూ ఉండవు, వైశాల్యం కూడికతో అచ్చంగా సరిపోతుంది.

షీటు_సహాయం

మాస్టారూ, మెట్ల మాట మీరు చెప్పగానే గుర్తొచ్చింది. ఎక్సెల్‌లో దానికి అదనపు కాలమ్‌లు కూడా అక్కరలేదు, ‘అప్/డౌన్ బార్లు’ ఉన్నాయి. షేర్ల ధరల చార్టుల కోసం పెట్టినవి కాబట్టి ఈ పనికి వాడవచ్చని ఎవరికీ తోచదు.

మామూలు లైన్ చార్ట్ గీయండి. మొదటి గీతగా అవుట్‌ఫ్లో, చివరి గీతగా ఇన్‌ఫ్లో ఉండాలి, ఈ వరుస ముఖ్యం. చార్ట్ ఎలిమెంట్ల జాబితాలో అప్/డౌన్ బార్లు ఎంచుకుంటే ప్రతి తేదీ దగ్గరా రెండు గీతలను కలుపుతూ ఒక కడ్డీ వస్తుంది. దాని ఫార్మాట్‌లో ‘గ్యాప్ విడ్త్’ను సున్నా చేయండి. కడ్డీలు ఒకదానికొకటి అంటుకుని మధ్య జాగా అంతా నిండిపోతుంది. చివరి గీత పైన ఉన్న రోజులు ‘అప్’ బార్లు, వాటికి నీలం. కింద ఉన్న రోజులు ‘డౌన్’ బార్లు, వాటికి నారింజ. కడ్డీల అంచు గీత తీసేస్తే శుభ్రంగా ఉంటుంది.

అదే చార్టులో నీటిమట్టం వంటి మూడో గీత కూడా పెట్టాలనిపిస్తే దాన్ని రెండో అక్షానికి పంపండి. బార్లు ఎప్పుడూ ఆ అక్షంలోని మొదటి, చివరి గీతల మధ్యే పడతాయి.

పైథాన్_పాఠం

మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లోనూ ఇది కుదురుతుంది. ‘ఫిల్_బిట్వీన్’కు ‘స్టెప్’ అని ఒక ఎంపిక ఉంది. ‘మిడ్’ ఇస్తే తేదీకి అటు సగం, ఇటు సగం మెట్టు పడుతుంది. గీతలను కూడా అదే తీరులో మెట్లుగా గీయాలి, లేకపోతే రంగు ఒకలా గీత ఒకలా ఉంటాయి.

గీత_రంగు

పత్రికల్లో గ్రాఫులు గీయడం నా వృత్తి. ఇంతవరకు ఎవరూ ఎత్తని సంగతి ఒకటి చెప్పాలి. రెండు గీతల మధ్య దూరాన్ని మన కన్ను సరిగ్గా చదవదు.

వరద పోటెత్తే రోజులు తీసుకోండి. ఇన్‌ఫ్లో నిటారుగా లేస్తుంది, గేట్లు ఎత్తగానే అవుట్‌ఫ్లో కూడా దాని వెంటే నిటారుగా లేస్తుంది. రెండు గీతలూ దాదాపు సమాంతరంగా పైకి పోతాయి. నిలువుగా కొలిస్తే మధ్య 40 వేల తేడా ఉన్నా, కంటికి మాత్రం ఆ పట్టీ సన్నగా కనిపిస్తుంది, ఎందుకంటే కన్ను గీతకు అడ్డంగా ఉన్న అతి తక్కువ దూరాన్ని పట్టుకుంటుంది. అదే 40 వేల తేడా, గీతలు బల్లపరుపుగా సాగే రోజుల్లో రెట్టింపు వెడల్పుగా అనిపిస్తుంది. 1984లో విలియం క్లీవ్‌లండ్, రాబర్ట్ మెక్‌గిల్ అనే ఇద్దరు గణాంక శాస్త్రవేత్తలు ఈ లోపాన్ని ఎత్తిచూపారు. వారు తీసుకున్న ఉదాహరణ విలియం ప్లేఫేర్ గీసిన ఇంగ్లండ్, ఈస్టిండీస్ వ్యాపార చిత్రం.

ప్లేఫేర్ పేరు ఎత్తాను కాబట్టి ఇంకొక్క మాట. రైతు గారు గీసిన చిత్రానికి మూలపురుషుడు ఆయనే. 1786లో ఆయన అచ్చువేసిన అట్లాస్‌లో డెన్మార్క్, నార్వేలతో ఇంగ్లండ్ వ్యాపారం 1700 నుంచి 1780 వరకు రెండు గీతలుగా ఉంటుంది, ఒకటి దిగుమతులు, ఒకటి ఎగుమతులు. మధ్య జాగా మీదే ‘ఇంగ్లండ్‌కు ప్రతికూలం’, ‘ఇంగ్లండ్‌కు అనుకూలం’ అన్న అర్థం వచ్చే మాటలు రాశారు. 1750ల నడుమ గీతలు దాటుకుంటాయి. ఆ చిత్రాన్ని చూసినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది. చదువరి పక్కన ఉన్న పెట్టెలోకి చూసి ఏ రంగు ఏమిటో వెతుక్కోవాల్సిన పని లేదు, జాగాయే తన పేరు చెబుతుంది.

రైతు గారూ, మీరూ అలాగే చేయండి. నీలం మీద ‘నిండుతోంది’, నారింజ మీద ‘తరుగుతోంది’ అని నేరుగా రాయండి. వాట్సాప్‌లో బొమ్మ నాణ్యత తగ్గిపోతుంది, చిన్న అక్షరాల వివరణ పెట్టె చదవడానికి రాదు. ఎరుపు, ఆకుపచ్చ జంట వద్దు, వాటిని వేరుగా గుర్తించలేనివారు ఏ ఊళ్లోనైనా కొందరుంటారు. మీరు ఎంచుకున్న నీలం, నారింజ మంచి జంట. నారింజను కాస్త ముదురుగా, నీలాన్ని లేతగా పెడితే నలుపు తెలుపు జిరాక్సులో కూడా తేడా తెలుస్తుంది.

పోటు రోజుల ఇబ్బందికి మార్గం: పెద్ద చిత్రం కింద, అవే తేదీలతో, తేడా ఒక్కటే చూపే చిన్న చిత్రం పెట్టండి. మధ్యలో సున్నా గీత, పైకి నీలం కడ్డీలు, కిందికి నారింజ కడ్డీలు. అక్కడ కన్ను మోసపోదు.

లెక్కల_మాస్టారు

గీత_రంగు గారి చిన్న చిత్రం అసలు చిత్రం కంటే మేలని నా అభిప్రాయం. ఒక్కటే పెట్టాల్సి వస్తే దాన్నే పెట్టండి.

గీత_రంగు

అక్కడ నేను ఒప్పుకోలేను మాస్టారూ. తేడా ఒక్కటే చూపితే లక్ష వచ్చి 90 వేలు పోయిన రోజూ, 15 వేలు వచ్చి 5 వేలు పోయిన రోజూ ఒకేలా కనిపిస్తాయి. మొదటిది వరద రోజు, నది ఒడ్డువాళ్లు జాగ్రత్తపడాల్సిన రోజు. రెండోది ప్రశాంతమైన రోజు. ఆయకట్టువాళ్లకు రెండూ తెలియాలి. అందుకే రెండు చిత్రాలూ ఉండాలంటున్నాను.

కుడికాలువ_రైతు

రెండూ పెడతాను. ఇంకొకటి అడగవచ్చా? ఈ ఏడాది నిల్వ ఒక గీత, గత ఏడాది నిల్వ ఒక గీత గీసి వాటి మధ్య కూడా ఇలాగే రంగు నింపమని బృందంలో కోరుతున్నారు.

జలగణన

గీయండి, కానీ అక్కడ రంగు జాగాకు అర్థం చెప్పకండి. నిల్వ టీఎంసీల్లో ఉంటుంది. దాన్ని రోజులతో గుణిస్తే వచ్చేది టీఎంసీ-రోజులు, నీటి పరిమాణం కాదు. ‘గత ఏడాది కంటే ఇంత రంగు తక్కువ, కాబట్టి ఇంత నీరు తక్కువ’ అని ఎవరైనా అనుకుంటే పూర్తిగా పొరపాటు. అక్కడ చూడాల్సింది ఆ తేదీన నిలువు తేడా మాత్రమే.

నన్నడిగితే గత ఏడాది ఒక్కదానితో పోల్చడం కంటే, గత పదేళ్లలో ప్రతి తేదీకీ అతి తక్కువ నిల్వ, అతి ఎక్కువ నిల్వ తీసి ఆ రెండింటి మధ్య లేత బూడిద రంగు పట్టీ వేయండి. దానిమీద ఈ ఏడాది గీత ఒక్కటి ముదురుగా గీయండి. గీత పట్టీలో ఏ అంచున నడుస్తోందో చూస్తే చాలు, నాట్లు ఎప్పుడు వేయాలో మాట్లాడుకోవడానికి ఆధారం దొరుకుతుంది.

షీటు_సహాయం

ఆ పట్టీకి నేను మొదట చెప్పిన పద్ధతే సరిపోతుంది. తక్కువ నిల్వ పునాది, దానికి ‘నో ఫిల్’. ఎక్కువ నిల్వలోంచి తక్కువను తీసేసిన అంకె పట్టీ. ఈ రెండు హద్దులూ ఎప్పుడూ దాటుకోవు కాబట్టి పొంగే బెడద లేదు. నిలువు అక్షాన్ని సున్నా నుంచి మొదలుపెట్టాల్సిన పని కూడా లేదు. అడుగు దాకా రంగు నింపే చిత్రాలకే ఆ నియమం.

కుడికాలువ_రైతు

చివరగా ఒకటి. పండుగ రోజుల్లో రెండుసార్లు బులెటిన్ దొరకలేదు. ఆ గడులు ఖాళీగా ఉంటే అక్కడ గీత సున్నాకు పడిపోతోంది.

షీటు_సహాయం

ఆ తేదీల వరుసలు పట్టికలోంచి తీసేయండి. తేదీ అక్షం ఆ రోజులకు జాగా వదిలేస్తుంది, గీత మాత్రం అటు రోజును ఇటు రోజుతో నేరుగా కలుపుతుంది. అప్/డౌన్ బార్లు వాడితే ఆ రోజులకు కడ్డీ పడదు, తెల్లగా ఉంటుంది.

జలగణన

తెల్లగానే ఉంచండి రైతు గారూ, పక్కన ‘బులెటిన్ రాలేదు’ అని రాయండి. కూడికలో ఆ రెండు రోజులను నిల్వ తేడా నుంచి విడిగా లెక్కించి కలపండి.